స్థిమితమైన గొంతు

సన్యాసిరావు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఒక చప్పట కొట్టేవాడు. ఒక్కసారే, గట్టిగా. తర్వాత తల కాస్త పక్కకి వంచి వినేవాడు. ఆఫీసుల్లో మీటింగు గదులకి మైకులు, స్పీకర్లు, తెరలు బిగించే పని అతనిది. కొట్టిన చప్పుడు గోడలకి తగిలి ఎంతసేపటికి అణుగుతుందో వింటే, రేపు ఆ గదిలో మనుషుల మాట ఎలా వినపడుతుందో తెలిసిపోతుందనేవాడు. ఆ పనేదో సైట్లలో చేసుకుంటే సరిపోయేది. బ్యాంకులో కొట్టేవాడు, పెళ్లి హాళ్లలో కొట్టేవాడు, ఒకసారి ఎవరినో పరామర్శించడానికి వెళ్లి అక్కడా కొట్టి చీవాట్లు తిన్నాడు. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు ఇందుమతి వాళ్ల హాల్లోనూ కొట్టాడు. కాఫీలు పట్టుకొచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. "కర్టెన్లు వేయించండి మావయ్య గారూ, ఈ గది ఒక్క మాటని రెండుసార్లు చెబుతోంది" అన్నాడు, పిల్లనింకా చూడనైనా చూడకుండానే. లోపలి గదిలో ఇందుమతి పడీ పడీ నవ్వింది. ఆమెదీ అదే చదువు, అదే పని. పెళ్లికి అప్పుడే ఒప్పేసుకుంది.

కూతురు మేదిని పుట్టాక ఆ అలవాటు ఇంట్లో ఆటగా మారింది. సాయంత్రం అతను గుమ్మంలోకి వచ్చి ఒక చప్పట కొడితే, లోపల ఎక్కడున్నా మేదిని బదులు కొట్టాలి. హోంవర్కు చేస్తున్నా సరే, అన్నం తింటుంటే ఎంగిలి చేత్తోనైనా సరే. "నీ కూతురు వంటింట్లో ఉంది, స్టీలు గిన్నెల పక్కన నిలబడింది" అని చెప్పులు విప్పకుండానే ఇందుమతికి చెప్పేసేవాడు. చాలాసార్లు నిజమే అయ్యేది. కానప్పుడు మేదిని పరుగెత్తుకెళ్లి స్టీలు గిన్నెల పక్కన నిలబడేది.

అనకాపల్లి దగ్గర ఒక ఆఫీసులో తెర బిగించి బైకు మీద విశాఖపట్నం తిరిగొస్తుంటే సన్యాసిరావుని లారీ కొట్టింది. అక్కడికక్కడే పోయాడు.

మూడో తరగతి పిల్ల మేదిని ఏడవలేదు. నాన్నని తీసుకెళ్తున్నప్పుడు కూడా గోడకి ఆనుకుని చూసింది. వచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో" అన్నారు. ఇందుమతీ ఏడవలేదు. ఆమెని మాత్రం "రాయి" అన్నారు. నిజానికి ఆమెకి ఏమీ అనిపించలేదు. పన్ను పీకేముందు ఇచ్చే మత్తుసూది ఒళ్లంతా ఇచ్చి, దిగేదాకా ఉండకుండా డాక్టరు ఇంటికి వెళ్లిపోయినట్టుంది. ఇంట్లో ఏడిచేది అత్తగారు పైడమ్మ ఒక్కతే. ముగ్గురి ఏడుపూ ఆవిడే ఏడ్చేది.

పెద్దకర్మ అయిన మర్నాడే ఇందుమతి పనికి వెళ్లింది. ఇంట్లో కూర్చుని చేసేదేమీ కనపడలేదు మరి.

ఆమె పనిచేసే కంపెనీలో శబ్ద పరిశోధన చేసే డాక్టర్ ఉమాకాంత్ పాత్రో అప్పటికి చాలా ఏళ్లుగా ఒకే ఒక్క వస్తువు మీద కూర్చున్నాడు. దాని పేరు సమస్వరి. చూడ్డానికి మామూలు ఫాల్స్ సీలింగ్ పలకలు. మనిషి నోట్లోంచి వచ్చిన మాట ఎదుటివాడి చెవిని చేరేలోపే ఆ పలకలు దాన్ని పట్టుకుని, అందులోని వణుకుకి సరిగ్గా ఎదురు చప్పుడు పంపి తుడిచేస్తాయి. కోపమూ, భయమూ, ఏడుపూ అన్నీ గొంతులో వణుకులేనని పాత్రో లెక్క. అవి పోతే మిగిలేది మాట. మాట మిగిలితే మీటింగు త్వరగా అయిపోతుంది. ఏ కంపెనీకి చేదు?

చిక్కల్లా ఒకటే. వణుకంటే ఏమిటో మిషనుకి చెప్పాలంటే, వణుకు లేని గొంతు ఒకటి కొలబద్దగా ఇవ్వాలి. పాత్రో వార్తలు చదివే ఆయన్ని పిలిచాడు, సంగీతం మాస్టారిని పిలిచాడు. ప్రాణాయామం నేర్పే గురువుగారొకాయన చాలాసేపు బాగానే చదివాడు కానీ, టిఫిను ఇంకా రాలేదని తెలిసేసరికి ఆయన గొంతూ పైకి లేచింది.

పనికి తిరిగొచ్చిన ఆ రోజు ఇందుమతి మైకు పరీక్ష చేస్తోంది. ప్రతి సైట్లోనూ చదివే నాలుగు వాక్యాలే మైకు ముందు చదివింది. "ఇది మీటింగు గది. మధ్యలో పెద్ద బల్ల ఉంది. కిటికీ తూర్పు వైపు ఉంది. తలుపు మూసి ఉంది."

తెర మీద వణుకుని చూపించే గీత కదలలేదు.

"మళ్లీ చదువమ్మా" అన్నాడు పాత్రో.

మళ్లీ చదివింది. గీత గీతలాగే ఉంది. పాత్రో కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇంత స్థిమితమైన గొంతు నేనెక్కడా చూళ్లేదు ఇందుమతీ! ఇన్నాళ్లూ ఇక్కడే పెట్టుకుని ఊరంతా వెతికాను. ఏం చేస్తుంటావమ్మా, ధ్యానమా?"

"ఏం లేదు సార్" అంది ఆమె.

అది నిజమే. ఏమీ లేదు. పాత్రో దుర్మార్గుడు కాడు. కర్మకి వచ్చి కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఓదార్చి వెళ్లినవాడే. కానీ తెర మీద గీత కనపడితే మనిషి కనపడని జబ్బు ఆయనకి ఉంది. ఆ నాలుగు వాక్యాలూ సమస్వరికి కొలబద్ద అయ్యాయి. ఇకపై ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో, ఎవరు ఎలా మాట్లాడినా పలకలు ఆ మాటని లాక్కొచ్చి ఆ గొంతు పక్కన కూర్చోబెడతాయి.

మొదటి గది రుషికొండ మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిగించారు. అక్కడి డైరెక్టరు అరిస్తే కింద గేటు దగ్గర సెక్యూరిటీ అతను లేచి నిలబడతాడని పేరు. సమస్వరి పెట్టాక ఆయన అరుస్తున్నాడని మెడ నరాలు చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. ఇందుమతి మూల కుర్చీలో కూర్చుని కంట్రోలు పానెల్ చూసేది. లైట్లన్నీ ఆకుపచ్చగా వెలిగేవి.

ఒకరోజు ఆ గదిలో కొంతమందిని పిలిచి ఉద్యోగాల్లోంచి తీసేశారు. టెస్టింగు టీములో పనిచేసే ఒకామె బల్ల అంచు పట్టుకుని, "నాకిద్దరు చిన్నపిల్లలు సార్, మా ఆయనకి కూడా ఉద్యోగం లేదు" అంది. పెదవులు అదురుతున్నాయి. మాట మాత్రం టైమెంతైందో చెప్పినట్టు వచ్చింది. డైరెక్టరు తలూపి "అర్థమైంది" అన్నాడు. అదీ అలాగే వచ్చింది. ఇద్దరి నోట్లోంచీ తన గొంతే అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఇందుమతికి అనిపించింది. అనిపించి, ఊరుకుంది. లైట్లు ఆకుపచ్చగానే ఉన్నాయి. మీటింగు అనుకున్నదానికంటే ముందే అయిపోయింది.

బయటికి వస్తుంటే ఆ ఆఫీసు అడ్మిన్ మేనేజరు ఆమెని ఆపాడు. "మేడం, మా ఆవిడ అడుగుతోంది, మీ ఆఫీసులో కాఫీలో ఏమైనా కలుపుతున్నారా అని. ఇంటికెళ్లినా మీటింగులో ఉన్నట్టే మాట్లాడుతున్నానట."

ఆ మాట పాత్రోకి చెబితే ఆయన సంబరపడ్డాడు. "చెవి రోజూ ఏది వింటుందో గొంతు దానికే అలవాటు పడుతుందమ్మా. కొన్నాళ్లకి పలకలకి పెద్దగా పనుండదు. మనుషులే సర్దుకుంటారు. కరెంటు కూడా ఆదా" అన్నాడు. తర్వాత, ఇళ్లలోనూ పనిచేస్తుందేమో చూద్దాం, కొన్ని పలకలు మీ ఇంట్లో పెట్టుకుంటావా అని అడిగాడు.

ఇందుమతి వెంటనే సరేనంది. అత్తగారి ఏడుపు వినలేకపోతోంది.

అప్పటిదాకా పైడమ్మ హాల్లో కొడుకు ఫొటో కింద కూర్చుని ఏడిచేది. పలకలు పెట్టిన రోజు కూడా అలాగే కూర్చుని మొదలుపెట్టింది. "నా కొడకా, నా బంగారు కొండా, నన్నొగ్గీసి ఎల్లిపోనావా" అన్న మాటలన్నీ వచ్చాయి. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికొస్తుందో చెబుతున్నట్టు వచ్చాయి. పైడమ్మ ఆగింది. చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. మళ్లీ ఏడ్చింది. మళ్లీ ఆగింది.

"ఏటే ఇది? నా ఏడుపు నాకే ఇనబడతల్లేదు."

"కొత్త మిషను అత్తా. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని పెట్టారు."

"పెసాంతమేటి, సచ్చినోడి ఇంట్లో!" అంది పైడమ్మ. అదీ బస్సు మాటలాగే వచ్చింది. ఆవిడ లేచి, కొడుకు ఫొటో గోడ మీంచి తీసుకుని, ఫ్లాటు బయట మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత పగలంతా అక్కడే. పైకీ కిందకీ వెళ్లేవాళ్లు ఆవిడ ఏడుపు విని, తప్పుకుని నడిచేవారు. లోపల ఇందుమతీ మేదినీ నెమ్మదిగా మాట్లాడుకునేవారు. హోంవర్కు అయిందా, అయింది. అన్నం తింటావా, తింటాను. స్కూల్లో టీచరమ్మ మేదిని ప్రవర్తనకి నక్షత్రం ఇచ్చింది.

ఆ శనివారం ఇందుమతి హాల్లో కూర్చుని మధురవాడలో కట్టే ఒక కొత్త మీటింగు గదికి బొమ్మ గీస్తోంది. తెర ఎక్కడ రావాలి, బల్ల కింద వైర్లు ఎటు పోవాలి అన్నది అందులో ఉంటుంది. వైర్ల గీత సగంలో ఉండగా వెనకనించి మేదిని వచ్చింది.

"అమ్మా, చెయ్యి కాలింది."

"సరే నాన్నా, ఒక్క నిమిషం."

గీత బల్ల మీంచి గోడ దాకా తీసుకెళ్లింది. అక్కడినుంచి పైకి తిప్పింది. మేదిని పక్కనే నిలబడి ఎదురుచూసింది. ఈలోపు మంచినీళ్ల కోసం లోపలికి వచ్చిన పైడమ్మ చేతిలోంచి గ్లాసు జారిపోయింది.

"ఓలమ్మో! గుంట సెయ్యి సూడే! తోలూడిపోతన్నాది సూడే!"

అప్పుడు తలెత్తి చూసింది ఇందుమతి. వేడి గంజి గిన్నె వంచబోయింది కాబోలు, మేదిని కుడి అరచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బి బొబ్బలెక్కింది. మొహం పాలిపోయి ఉంది. "నువ్వు పనిలో ఉన్నావని ఆగాను" అంది మేదిని.

ఆస్పత్రిలో కట్టు కడుతూ డాక్టరమ్మ రెండుసార్లు పిల్ల మొహంలోకి చూసింది. "నొప్పి లేదా పాపా?"

"ఉంది ఆంటీ."

"మరి ఏడవట్లేదేం?"

మేదిని ఆ ప్రశ్న అర్థం కానట్టు అమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ కూడా ఇందుమతి వైపే చూసింది.

సోమవారం ఇందుమతి నేరుగా పాత్రో గదికి వెళ్లింది. ఆయన బల్ల మీద రాబోయే సైట్ల బొమ్మలు పరిచి ఉన్నాయి.

"సార్, నా గొంతు అందులోంచి తీసెయ్యండి."

"ఏమైందమ్మా?"

చెప్పింది. చెయ్యి కాలడమూ, ఒక్క నిమిషం అనడమూ, బొబ్బలూ. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అది స్థిమితం కాదు సార్. నేను చదివింది పెద్దకర్మ మర్నాడు. మా ఆయన పోయి పక్షం కాలేదు. మీరు దాన్ని తెచ్చి అందరి గొంతులోనూ పోశారు. వాళ్లు ప్రశాంతంగా ఉన్నారనుకుంటున్నారు మీరు. ఇంట్లోంచి శవం లేచిన మర్నాటిలా మాట్లాడుతున్నారంతే."

ఇంత మాటా ఆమె ఎక్కడా తొట్రుపడకుండా, తలుపు మూసి ఉంది అని చదివినట్టే చెప్పింది. పాత్రో గదిలో పలకలు లేవు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

పాత్రో బల్ల మీది బొమ్మలు పక్కకి జరిపాడు. తర్వాత, "నాకు తట్టలేదమ్మా" అన్నాడు. "గీత చూశాను. నిన్ను చూళ్లేదు." చేతులు ముడుచుకుని మళ్లీ అన్నాడు, "తీసేస్తాను. కానీ దాని బదులు ఎవరి గొంతు పెట్టను? రోజూ ఈ పలకల కిందే పనిచేస్తున్న మన ఆఫీసువాళ్లందరివీ పోయిన వారం కొలిచాను. అందరి గీతా నీలాగే ఉంది. నాది కూడా."

ఆమెకి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. "ముందు మా ఇంట్లోవి ఊడదీసుకుంటాను" అని చెప్పి సెలవు పెట్టి వచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి మేదిని హాల్లో సోఫా మీద కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇందుమతి నిచ్చెన వేసింది. పైడమ్మ కింద పట్టుకుంది. "తీసీ, అన్నీ తీసీ. ఆ దెయ్యాన్ని ఇంట్లోంచి పంపీ" అంటోంది. పలకలు ఊడదీసేముందు మిషను ఆపాలి. ఇందుమతి సీలింగు మూలనున్న చిన్న తలుపు తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి, పవర్ బాక్సు కోసం తడిమింది.

చేతికి దుమ్ము తగిలింది. వైరు కొస తగిలింది. బాక్సు లేదు.

నిచ్చెన మీద అలాగే నిలబడిపోయింది. గుర్తొచ్చింది. పోయిన సోమవారం రుషికొండ గదిలో పవర్ బాక్సు కాలిపోయింది. మర్నాడు పొద్దున్నే డైరెక్టరు మీటింగు. స్టోర్లో ఇంకోటి లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే తనూ చేసింది. ఇంట్లో పరీక్షకి పెట్టినది పీకి సైట్లో పెట్టేసింది. కొత్తది వచ్చాక పెట్టుకుందామనుకుంది, మర్చిపోయింది. సన్యాసిరావు ఉన్నప్పుడు ఇంట్లో టీవీకీ, కాలింగ్ బెల్లుకీ ఇదే గతి పట్టేది.

అంటే శనివారం ఈ పలకలు చచ్చి ఉన్నాయి. ఆ సోమవారం నుంచే చచ్చి ఉన్నాయి. అమ్మా, చెయ్యి కాలింది అన్న మాటని ఎవరూ తుడవలేదు. మేదిని గొంతులోంచే అలా వచ్చింది. దాన్ని అలా విన్నది తన చెవే.

"ఏటయింది? దిగు, పడిపోతావు" అంది పైడమ్మ కింద నుంచి.

"ఇది ఎప్పుడో ఆగిపోయింది అత్తా."

"ఆగిపోతే మంచిదే కదేటి?"

ఇందుమతి ఆ చిన్న తలుపు మూసింది. స్క్రూడ్రైవరు తీసుకుని పలకలు ఊడదీయడం మొదలుపెట్టింది. తీయడం వల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు, అయినా తీసింది. ఒక్కొక్కటీ పైడమ్మకి అందించింది, ఆవిడ బయట మెట్ల దగ్గర పడేసి వచ్చింది. సామాను గోడవారకి జరిపారు. కర్టెన్లకి దుమ్ము పట్టిందని అవీ దింపేశారు. పైన పలకలు పోయి శ్లాబు బయటపడింది. కిందికి దిగి మేదిని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాన్నా, నొప్పిగా ఉంటే ఏడవొచ్చు. నాన్న గుర్తొచ్చినా ఏడవొచ్చు. ఎవరూ ఏమీ అనరు."

"సరే అమ్మా" అంది మేదిని.

పిల్ల కాసేపు అమ్మ మొహం చూసింది. ఇంకేమైనా చెప్పాలేమోనని ఆగినట్టుంది. తర్వాత టీవీ వైపు తిరిగింది. ఇందుమతికి ఆ క్షణంలో భయమేసింది. భర్త పోయిన రోజు నుంచి ఇప్పటిదాకా ఏదీ అనిపించని మనిషికి మొదట వచ్చింది అదే. ఈ పిల్ల ఇంకెప్పుడూ నన్ను పిలవదు, సమాచారం చెబుతుందంతే అనుకుంది.

చివరి పలక మిగిలితే తనే పట్టుకెళ్లి మెట్ల దగ్గర పెట్టింది. చేతులు దులుపుకుని వెనక్కి తిరిగి గుమ్మంలోకి వచ్చింది. గోడవార సోఫాలో మేదిని తప్ప హాలు ఖాళీగా ఉంది. గోడలు, గచ్చు, పైన ఇనప చట్రం. పాతికేళ్ల వయసు నుంచీ చేస్తున్న పని. ఊడదీసిన గది ఎలా ఉందో చూసుకోవాలి. మిషను లేదు, కొలిచే సామానంతా ఆఫీసులో ఉంది. ఆలోచించకుండానే చేతులు లేచాయి. ఒక చప్పట కొట్టింది.

ఆ చప్పుడు గది నాలుగు మూలలా తిరిగింది.

అది పూర్తిగా అణగకముందే సోఫా వైపునుంచి ఇంకో చప్పట మోగింది. మేదిని తల తిప్పలేదు, టీవీ మీంచి చూపు కూడా మరల్చలేదు. నాన్న గుమ్మంలో కొడితే బదులు కొట్టే చేతులు, ఎంగిలివో కాలినవో చూసుకోకుండా, ఎప్పటిలాగే కొట్టేశాయి.

తర్వాత ఆ నొప్పి చేరాల్సినచోటికి చేరింది.

"అమ్మా!"

ఆ అరుపుని గది రెండుసార్లు చెప్పింది. మేదిని కట్టు చేతిని గుండెకి అదుముకుని, నోరంతా తెరిచి, ఊపిరి అందక ఆగి, మళ్లీ అరిచింది. "అమ్మా, మంట! అమ్మా! నాన్న కాదు, నువ్వు కొట్టావు! నాన్న కాదు!"

మెట్ల దగ్గర కుర్చీలోంచి పైడమ్మ "నా తల్లీ" అంటూ లేచింది. ఇందుమతి ఆవిడ కంటే ముందే పరుగెత్తింది. ఈ కాస్త హాలు దాటడానికి ఇంతసేపు పడుతుందని ఆమెకెప్పుడూ తెలీదు.

"వస్తున్నా, వచ్చేశాను, వచ్చేశాను నాన్నా" అంటోంది. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. పిల్లని ఒళ్లోకి లాక్కుంటే ఇద్దరి ఏడుపూ ఆ ఖాళీ గదిలో కలిసిపోయి, ఎవరిది ఎవరిదో పైడమ్మకి తెలియలేదు. పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి ఏమైందని అడిగారు.

"ఏటీ నేదు" అంది పైడమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా ఇంట్లో మడిసి పోనాడు."